చల్లని ఉపరితలాలపై నీటిబొట్టు గడ్డకట్టడం

నిర్వచనం, పరిధి

చల్లని ఉపరితలం మీద నిలిచిన నీటిబొట్టు గానీ, దానిపై వచ్చి పడిన బొట్టు గానీ తనలోని వేడిని ప్రధానంగా ఆ ఉపరితలానికే ఇచ్చి మంచుగడ్డగా మారడాన్ని ఈ వ్యాసం వివరిస్తుంది. ఇక్కడ బొట్టు అంటే కొన్ని మైక్రాన్ల నుంచి కొన్ని మిల్లీమీటర్ల వరకు ఉన్నది. అంతకంటే పెద్దదైతే తలతన్యత దాన్ని గుండ్రంగా నిలపలేదు. బరువుకు నీరు పల్చగా పరుచుకుంటుంది. చెరువులు, సముద్రాలు గడ్డకట్టడం వేరే విషయం (చూ. ఘనీభవనం). ఈ ప్రక్రియ విమానయానానికి, విద్యుత్ సరఫరాకు, శీతలీకరణ యంత్రాలకు, వాతావరణ శాస్త్రానికి సంబంధించినది. ఇంట్లో పాత ఫ్రిజ్ తలుపు తీస్తే ఫ్రీజర్ గోడ మీద తరచుగా కనిపించేదీ ఇదే.

పదజాలం

తెలుగులో ‘మంచు’ అన్న ఒక్క మాట చాలా పనులు చేస్తుంది. తెల్లవారుజామున గడ్డి మీద నిలిచిన నీటిబొట్లూ మంచే, పొగలా కమ్మేదీ మంచే, హిమాలయాల్లో కురిసేదీ మంచే. శాస్త్ర వ్యాసంలో ఈ వెసులుబాటు చిక్కు తెస్తుంది. అందువల్ల ఇక్కడ ఘనరూపంలో ఉన్నదాన్ని మంచు లేదా మంచుగడ్డ అని, ద్రవరూపంలో ఉన్నదాన్ని బొట్టు అని, గాలిలోని ఆవిరి నుంచి ఉపరితలంపై నూగులా ఏర్పడే తెల్లని పొరను నూగుమంచు అని వ్యవహరించాం. 0 డిగ్రీల సెల్సియస్ కంటే చల్లబడి కూడా గడ్డకట్టకుండా ఉన్న నీరు ‘అతిశీతల జలం’. ద్రవంలో మొట్టమొదటి స్ఫటికపు ముక్క పుట్టడాన్ని ‘కేంద్రకీకరణం’ అంటారు.

చరిత్ర

ఉష్ణమాపకాలకు పేరుపడిన డేనియల్ గాబ్రియల్ ఫారెన్‌హీట్ ఈ విషయంలోనూ ముందున్నాడు. గాలి తీసేసిన గాజుబుడ్డిలో నీరు పోసి, తన కొలమానం ప్రకారం 15 డిగ్రీల చలిలో, అంటే దాదాపు −9 డిగ్రీల సెల్సియస్‌లో, రాత్రంతా ఆరుబయట ఉంచాడు. తెల్లారేసరికి నీరు నీరుగానే ఉంది. బుడ్డి మూతి విరిచి గాలి తగలనివ్వగానే లోపలంతా మంచు సూదులు పరుచుకున్నాయి. ఈ పరిశీలనను 1724లో లండన్ రాయల్ సొసైటీ పత్రికలో ప్రకటించాడు.

గడ్డకట్టే సరిహద్దు ఎంత వేగంతో కదులుతుందో లెక్క కట్టినవాడు ఆస్ట్రియా భౌతిక శాస్త్రవేత్త జోసెఫ్ స్టెఫాన్. ధ్రువ సముద్రాల మంచు మందాన్ని వివరించడానికి 19వ శతాబ్దం చివర ఆయన కట్టిన లెక్కే నేడు మిల్లీమీటరు బొట్టుకూ ఆధారం. 20వ శతాబ్దం మొదటి సగంలో వోల్మర్, బెకర్, డోరింగ్ తదితరులు కేంద్రకీకరణ సిద్ధాంతానికి రూపమిచ్చారు. 1946లో అమెరికాలోని జనరల్ ఎలక్ట్రిక్ ప్రయోగశాలలో విన్సెంట్ షేఫర్ అతిశీతల మేఘపు బొట్లను ఘన కార్బన్ డయాక్సైడ్‌తో గడ్డకట్టించాడు. అదే ఏడాది ఆయన సహచరుడు బెర్నార్డ్ వానెగట్, సిల్వర్ అయొడైడ్ కూడా ఆ పని చేస్తుందని గుర్తించాడు. వేగంగా చిత్రీకరించే కెమెరాలు అందుబాటులోకి వచ్చాక, ముఖ్యంగా 2010 తర్వాత, ఒక్కొక్క బొట్టు గడ్డకట్టే తీరును క్షణక్షణం చూడడం సాధ్యమైంది. కింద వివరించిన సంగతుల్లో చాలావరకు ఈ కాలంలో తేలినవే.

అతిశీతల స్థితి, కేంద్రకీకరణం

‘నీరు 0 డిగ్రీల వద్ద గడ్డకడుతుంది’ అన్న బడి పాఠం సగమే నిజం. 0 డిగ్రీలు దాటితే మంచు కరగడం ఖాయం. 0 డిగ్రీల కిందికి దిగితే నీరు గడ్డకట్టడం మాత్రం ఖాయం కాదు. గడ్డకట్టాలంటే ముందుగా నీటి అణువులు కొన్ని మంచు స్ఫటికంలో ఉండే షట్కోణపు అమరికలోకి చేరాలి. అలా చేరిన చిన్న గుంపుకు ఉపరితల శక్తి భారంగా పరిణమిస్తుంది. ఒక పరిమాణానికి చేరేలోపు అది పెరగడం కంటే చెదిరిపోవడానికే అవకాశం ఎక్కువ. −10 డిగ్రీల వద్ద ఆ కీలక పరిమాణం సుమారు 5 నానోమీటర్ల వ్యాసార్ధం. చలి పెరిగేకొద్దీ అది చిన్నదవుతుంది కాబట్టి దాన్ని అందుకోవడం సులువవుతుంది.

మలినాలేవీ లేని, గాలిలో తేలే సూక్ష్మమైన బొట్టు సుమారు −38 డిగ్రీల దాకా ద్రవంగానే ఉండగలదు. ఆ చలిలో నీరు తనంతట తానే గడ్డకడుతుంది. ఇది సజాతీయ కేంద్రకీకరణం. నిత్యజీవితంలో ఇంతదాకా రాదు. దుమ్ము కణమో, లోహం మీది గరుకుదనమో ఆసరాగా దొరికితే స్ఫటికం అంతకంటే తక్కువ చలిలోనే మొదలవుతుంది. ఇది విజాతీయ కేంద్రకీకరణం. పాలల్లో తోడు వేసిన తర్వాత పెరుగు పేరుకోవడాన్ని ఇది గుర్తుకు తెస్తుంది గానీ, పోలిక అంతవరకే: తోడు జీవక్రియతో పనిచేస్తుంది, ఇక్కడ పనిచేసేది అణువుల అమరిక.

ఆసరాలన్నీ సమానం కావు. సిల్వర్ అయొడైడ్ స్ఫటికపు అమరిక మంచు అమరికకు బాగా దగ్గర. −5 డిగ్రీల దరిదాపుల్లోనే అది పని మొదలుపెడుతుంది. దాన్ని మించినది మొక్కల ఆకుల మీద బతికే సూడోమోనాస్ సిరింజే అనే బాక్టీరియా. దాని పైపొరలోని ఒక ప్రొటీన్ సుమారు −2 డిగ్రీల వద్దే నీటిని గడ్డకట్టించగలదు. చలి దేశాల్లో పైరుకు నష్టం తెచ్చే ఈ సూక్ష్మజీవినే స్కీ మైదానాల్లో కృత్రిమ మంచు తయారీకి వాడుకుంటున్నారు.

కేంద్రకీకరణం సంభావ్యత మీద ఆధారపడిన ఘటన. ఒకే పలక మీద ఒకే పరిమాణంలో పది బొట్లు పెట్టి ఒకే వేగంతో చల్లబరిచినా అన్నీ ఒకేసారి గడ్డకట్టవు. అదే బొట్టును కరిగించి మళ్లీ చల్లబరిస్తే రెండోసారి వేరే ఉష్ణోగ్రత వద్ద గడ్డకట్టవచ్చు. బొట్టు అంచున, అంటే నీరు, గాలి, ఘనం మూడూ కలిసే గీత వద్ద, స్ఫటికం ముందుగా పుడుతుందా అన్న ప్రశ్నపై చాలాకాలం వాదం నడిచింది. నునుపైన పలకల మీద చేసిన ప్రయోగాల్లో అంచుకు ప్రత్యేక ప్రాధాన్యం కనిపించలేదు. నానోస్థాయి గరుకుదనం ఉన్న చోట మాత్రం అంచు వైపు మొగ్గు కనిపించింది.

గడ్డకట్టే దశలు

మొదటి దశ: వేగవంతమైన వ్యాప్తి. −20 డిగ్రీల పలక మీద పారదర్శకంగా, మెరుస్తూ ఒక బొట్టు నిలిచి ఉందనుకోవాలి. కేంద్రకం పుట్టగానే సన్నని మంచు కొమ్మలు బొట్టంతా అల్లుకుంటాయి. ఇదంతా మిల్లీసెకన్ల నుంచి కొన్ని పదుల మిల్లీసెకన్లలో ముగుస్తుంది. మామూలు కంటికి బొట్టు ఉన్నట్టుండి పాలిపోయినట్టు మాత్రమే తోస్తుంది. విచిత్రమేమంటే ఈ దశలో బొట్టు వేడెక్కుతుంది. మంచు ఏర్పడేటప్పుడు కిలోగ్రాముకు 334 కిలోజౌళ్ల గుప్తోష్ణం వెలువడుతుంది. ఆ వేడి బయటికి పోయే వ్యవధి లేక బొట్టులోనే నిలిచి, దాని ఉష్ణోగ్రతను 0 డిగ్రీలకు చేరుస్తుంది. అక్కడితో ఈ దశ ఆగిపోతుంది.

ఎంత నీరు గడ్డకట్టిందో లెక్క సులువే. పాత కొలతలో గ్రాము మంచుకు గుప్తోష్ణం 80 క్యాలరీలు. గ్రాము నీరు ఒక డిగ్రీ వేడెక్కడానికి ఒక క్యాలరీ కావాలి. కాబట్టి ఒక్కో డిగ్రీ అతిశీతలతకు ఎనభైవ వంతు నీరు గడ్డకడుతుంది. −20 డిగ్రీల బొట్టులో మొదటి దశ ముగిసేసరికి మంచు నాలుగో వంతే. మిగతా మూడు వంతులు ఆ మంచు వలలో చిక్కిన ద్రవం.

రెండో దశ: నిదానంగా సాగే ఘనీభవనం. ఇకపై గుప్తోష్ణమంతా కిందున్న పలకలోకే పోవాలి, గాలి ఉష్ణవాహకత చాలా తక్కువ కనుక. మంచు, నీరు కలిసే సరిహద్దు పలక నుంచి పైకి ఎగబాకుతుంది. మంచు మందం కాలపు వర్గమూలానికి అనుపాతంలో పెరుగుతుంది: ఎత్తు రెండింతలైతే పట్టే సమయం నాలుగింతలు. మంచు ఉష్ణవాహకతను 2.2 వాట్లుగా (మీటరుకు, డిగ్రీకి) తీసుకుంటే, −20 డిగ్రీల పలక మీద ఒక మిల్లీమీటరు ఎత్తు గడ్డకట్టడానికి సుమారు మూడున్నర సెకన్లు, −10 డిగ్రీల పలక మీద ఏడు సెకన్లు పడుతుంది. ఇది స్థూలమైన లెక్క. పలక లోహమా, ప్లాస్టిక్కా అన్నదాన్ని బట్టి, మొదటి దశలో గడ్డకట్టిన వాటాను బట్టి అసలు సమయం మారుతుంది.

నీటిలో కరిగి ఉన్న గాలికి మంచు స్ఫటికంలో దాదాపు చోటు లేదు. సరిహద్దు పైకి కదిలేకొద్దీ ఆ గాలి ముందుకు నెట్టబడి, చివరికి బుడగలుగా చిక్కుకుంటుంది. ఇంట్లో తయారుచేసిన ఐసు ముక్క నడుమ తెల్లగా ఉండడానికి కారణం ఇదే. ఉప్పు విషయంలోనూ ఇంతే: సముద్రపు నీటిబొట్టు గడ్డకట్టేటప్పుడు ఉప్పు బయటికి నెట్టబడి, మంచు మధ్య చిక్కటి ఉప్పునీటి సందులుగా మిగులుతుంది.

బొట్టు కొసన మొన

గడ్డకట్టిన బొట్టు నున్నని గోపురంలా ఉండదు. దాని కొసన ఒక మొన తేలుతుంది. మంచు సాంద్రత నీటి సాంద్రతలో 91.7 శాతమే కావడంతో గడ్డకట్టిన నీరు సుమారు 9 శాతం ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. అదనపు ఘనపరిమాణం పక్కలకు దారిలేక పైకే పోవాలి. అయితే సరిహద్దు చదునుగా ఉందనుకొని లెక్క వేస్తే మొన రాదు. సరిహద్దు చివరి క్షణాల్లో పుటాకారంగా వంగి, బొట్టు పైతలాన్ని లంబకోణంలో తాకుతుందని గమనించాకే లెక్క కుదిరింది. వేడి గాలిలోకి పోలేకపోవడమే ఈ వంపుకు మూలం. ఆల్వారో మరీన్, యాకో స్నోయెర్ తదితరులు 2014లో ప్రకటించిన కొలతల్లో మొన కోణం 139 డిగ్రీలు, అటూ ఇటూ 8 డిగ్రీల తేడాతో. పలక ఉష్ణోగ్రత మార్చినా, బొట్టు పలకను తాకే కోణం మార్చినా ఈ కోణం దాదాపు మారలేదు. ఈ ప్రక్రియలో ఇంత స్థిరమైన సంఖ్య ఇంకొకటి లేదనవచ్చు.

దీన్ని చూడడానికి ప్రయోగశాల అక్కర్లేదు. మందపాటి ఇనుప దోసెపెనాన్ని రాత్రంతా ఫ్రీజర్‌లో ఉంచి, బయటికి తీసిన వెంటనే డ్రాపర్‌తో దాని మీద ఒక్క బొట్టు వదిలితే చాలు. అర నిమిషం లోపే బొట్టు అడుగు నుంచి తెల్లబడుతూ వచ్చి, చివర్లో చిన్న మొన లేస్తుంది. ఫ్రిజ్ ట్రేలో అప్పుడప్పుడు పుల్లలా లేచే మంచు ముల్లుకు కూడా వ్యాకోచమే మూలం గానీ, అది ఏర్పడే తీరు వేరు.

అన్ని బొట్లూ అడుగు నుంచే గడ్డకట్టవు. చుట్టూ చలి సమానంగా ఉంటే పైపెంకు ముందు గడ్డకడుతుంది. లోపలి నీరు వ్యాకోచించే చోటు లేక ఒత్తిడి పెరిగి పెంకు పగులుతుంది. ఒక్కోసారి బొట్టు ముక్కలై ఎగిరిపోతుంది. మేఘాల్లో మంచుకణాల సంఖ్య పెరగడానికి ఇదొక కారణమని భావిస్తున్నారు.

పక్క బొట్లకు వ్యాపించడం

ఒక బొట్టు గడ్డకట్టడం దాని ఒక్కదానితో పోదు. −15 డిగ్రీల వద్ద ఉన్న బొట్టు మొదటి దశలో చటుక్కున 0 డిగ్రీలకు చేరినప్పుడు దాని సంతృప్త బాష్పపీడనం మూడింతలు దాటుతుంది. అలా వెలువడిన ఆవిరి చుట్టూ ఉన్న చల్లని పలక మీద సన్నని తుంపరగా దిగుతుంది. బొట్టు చుట్టూ వలయంలా కనిపించే దీన్ని 2012లో స్విట్జర్లాండ్ పరిశోధకులు వివరించారు.

మరింత ముఖ్యమైనది మంచు వంతెన. ఒకే ఉష్ణోగ్రత వద్ద మంచు మీది బాష్పపీడనం, అతిశీతల జలం మీది దానికంటే తక్కువ. −10 డిగ్రీల వద్ద ఇవి వరుసగా సుమారు 2.60, 2.86 హెక్టోపాస్కళ్లు. తేడా పదో వంతే అయినా ఫలితం పెద్దది. గడ్డకట్టిన బొట్టు, పక్కనున్న ద్రవబొట్టు నుంచి ఆవిరిని లాక్కుంటూ దానివైపే సన్నని మంచు చేయి చాస్తుంది. ఆ చేయి తాకితే పక్కబొట్టూ గడ్డకడుతుంది. తాకేలోపే పక్కబొట్టు ఆవిరై హరించుకుపోతే గొలుసు అక్కడ తెగుతుంది. బొట్టు పరిమాణం, బొట్ల మధ్య దూరం ఈ పందేన్ని నిర్ణయిస్తాయి. కిటికీ అద్దం మీద నూగుమంచు ఒక మూలన మొదలై మొత్తం పరుచుకునేది చాలావరకు ఇలాగే. (చూ. బాష్పీభవనం, ద్రవీభవనం.)

రకాలు

వాతావరణ శాస్త్రం, విమానయానం ఉపరితలాలపై పేరుకున్న మంచును ఏర్పడే తీరును బట్టి విభజిస్తాయి. చలి తీవ్రంగా ఉండి, బొట్లు చిన్నవైతే తగిలిన చోటే గడ్డకడతాయి. నడుమ గాలి చిక్కి తెల్లగా, గరుకుగా, పెళుసుగా ఉండే మంచు ఏర్పడుతుంది. ఉష్ణోగ్రత 0 డిగ్రీలకు దగ్గరగా ఉండి, బొట్లు పెద్దవైతే గుప్తోష్ణం త్వరగా పోదు; నీరు కొంతదూరం పారి గడ్డకట్టి గాజులాంటి పారదర్శకమైన పొరగా మారుతుంది. ఈ రెండో రకం బరువైనది, గట్టిగా అంటుకునేది, కంటికి సులువుగా కనిపించనిది. అందుకే ఎక్కువ ప్రమాదకరం. రెండూ కలిసిన మిశ్రమ రకమూ ఉంది. నూగుమంచు మూడో కోవకు చెందుతుంది.

వడగల్లును అడ్డంగా కోస్తే తెల్లని, పారదర్శక రకాలు రెండూ పొరలుగా కనిపిస్తాయి. మేఘంలో కింద మీద పడుతున్న మంచు ముక్కే ఇక్కడ చల్లని ఉపరితలం. దానికి తగిలిన అతిశీతల బొట్లు పరిస్థితిని బట్టి తెల్లని పొరగానో, పారదర్శకమైన పొరగానో గడ్డకడతాయి. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్‌లలో మార్చి, ఏప్రిల్ నెలల్లో మామిడి పిందెను, కోతకొచ్చిన వరిని రాల్చే వడగళ్ల వానకు మూలం కిలోమీటర్ల ఎత్తున జరిగే ఈ ప్రక్రియే (చూ. వడగళ్లు). అనంతపురం వంటి జిల్లాల్లో 2000 దశకంలో ప్రభుత్వం చేపట్టిన మేఘమథనానికి ఆధారం కూడా కేంద్రకీకరణమే. దాని ఫలితాలపై శాస్త్రవేత్తల్లో ఏకాభిప్రాయం లేదు.

నేలమట్టాన తెలుగునాట ఈ ప్రక్రియ అరుదు. అల్లూరి సీతారామరాజు జిల్లా లంబసింగి, చింతపల్లి ప్రాంతాల్లో చలికాలపు తెల్లవారుజాములలో కొన్నిసార్లు గడ్డిమీద, వాహనాల పైకప్పుల మీద తెల్లని పొర కనిపిస్తుంది. నిర్మలమైన రాత్రి గడ్డిపరక ఆకాశంలోకి వేడిని వికిరణం చేసి, చుట్టూ ఉన్న గాలికంటే చల్లబడడం దీనికి కారణం. గాలి ఉష్ణోగ్రత 0 డిగ్రీలకు కాస్త పైన ఉన్నా ఇది జరగవచ్చు.

ప్రభావాలు

విమాన రెక్క మీద పలుచని గరుకు మంచు పొర కూడా గాలి ప్రవాహాన్ని చెదరగొట్టి, రెక్క ఎత్తే బలాన్ని తగ్గిస్తుంది. 1982 జనవరి 13న వాషింగ్టన్‌లో ఎయిర్ ఫ్లోరిడా విమానం ఎగిరిన కాసేపటికే పొటోమాక్ నది వంతెనను ఢీకొని కూలింది. రెక్కల మీది మంచు, ఇంజన్ కొలమాన గొట్టాల్లో చేరిన మంచు అందుకు దారితీశాయి. 1994 అక్టోబరు 31న ఇండియానా రాష్ట్రంలోని రోజ్‌లాన్ వద్ద ఏటీఆర్-72 విమానం కూలి అందులోని 68 మందీ చనిపోయారు. పెద్ద అతిశీతల బొట్లు మంచు తొలగించే రబ్బరు తొడుగుల వెనక్కి పారి గడ్డకట్టడం ఆ ప్రమాదంలో కీలకమని దర్యాప్తులో తేలింది. పైన చెప్పిన పారదర్శక మంచు స్వభావమే అది.

1998 జనవరిలో కెనడాలోని క్యూబెక్, ఒంటారియోలలో అతిశీతల వాన రోజుల తరబడి కురిసి, తీగల మీద, స్తంభాల మీద గడ్డకట్టింది. ఆ బరువుకు ఉక్కు స్తంభాలు వరుసగా ఒరిగిపోయి, లక్షలాది ఇళ్లు నడిచలికాలంలో కరెంటు లేకుండా గడిపాయి. గాలిమర రెక్కలు, సముద్రపు తుంపరలు తగిలే ఓడల పైభాగాలు కూడా ఇదే ఇబ్బంది ఎదుర్కొంటాయి.

శీతలీకరణ యంత్రాల్లో నష్టం నెమ్మదిగా ఉంటుంది. పాత ఫ్రిజ్‌లలో ఫ్రీజర్ గోడకు మంచు మందంగా పేరుకుంటే అది దుప్పటిలా వేడి మార్పిడిని అడ్డుకుంటుంది. యంత్రం ఎక్కువసేపు తిరుగుతుంది. డీఫ్రాస్ట్ బటన్ ఉన్నది ఇందుకే. కత్తితో పొడిచి ఊడదీసే అలవాటు వల్ల లోపలి గొట్టం చిల్లుపడి ఫ్రిజ్ పాడవుతుంది.

అన్నీ నష్టాలే కావు. లద్దాఖ్‌లో సోనమ్ వాంగ్‌చుక్ బృందం 2013-14 చలికాలం నుంచి కడుతున్న మంచు స్తూపాలలో, ఎత్తు నుంచి గొట్టంలో దిగిన నీరు తుంపరగా చిమ్మి, కింద ఉన్న మంచుకుప్ప మీద పడి గడ్డకడుతుంది. వసంతంలో పొలాలకు నీరు అవసరమైనప్పుడు అది కరుగుతుంది.

నివారణ

విమానాశ్రయాల్లో రెక్కలపై గ్లైకాల్ ద్రావణాన్ని వేడిగా చల్లుతారు. అది ఉన్న మంచును కరిగించి, ఘనీభవన స్థానాన్ని తగ్గిస్తుంది. ఎగిరే సమయంలో ఇంజన్ నుంచి తీసిన వేడిగాలి, గాలితో ఉబ్బి మంచును పగలగొట్టే రబ్బరు తొడుగులు పనిచేస్తాయి. ఇవన్నీ శక్తిని, రసాయనాలను ఖర్చు చేసే పద్ధతులు.

ఖర్చు లేకుండా ఉపరితలమే మంచును నిలువరించేలా చేయాలన్న ప్రయత్నం ఇటీవలిది. తామరాకు మీద నీరు ముత్యంలా నిలిచి జారిపోవడానికి కారణం దానిపై ఉన్న సూక్ష్మమైన బుడిపెలు, మైనపు పూత. స్పర్శకోణం (బొట్టు ఉపరితలాన్ని తాకే కోణం) 150 డిగ్రీలు దాటిన ఇలాంటి కృత్రిమ ఉపరితలాలపై పడిన బొట్టు గడ్డకట్టేలోపే ఎగిరి అవతల పడుతుందని 2010లో హార్వర్డ్ పరిశోధకులు చూపారు. కానీ గాలిలో ఆర్ద్రత ఉంటే బుడిపెల సందుల్లోనే నూగుమంచు పుట్టి, మంచు ఇంకా గట్టిగా పట్టుకుంటుంది. ఇందుకు ప్రత్యామ్నాయంగా 2011లో అదే విశ్వవిద్యాలయం నుంచి, సందుల్లో నూనెలాంటి ద్రవాన్ని నింపిన జారుడు ఉపరితలం వచ్చింది. ఇందులో ఆ ద్రవం క్రమంగా తరిగిపోవడం లోపం. అంటార్కిటికా చేపల రక్తంలో మంచు పెరుగుదలను అడ్డుకునే ప్రొటీన్లను ఆర్థర్ డెవ్రీస్ 1960 దశకంలో కనుగొన్నాడు. వాటిని అనుకరించే పూతలపైనా పరిశోధన సాగుతోంది.

ఈ పద్ధతులన్నీ గడ్డకట్టడాన్ని ఆలస్యం చేసేవి, లేదా ఏర్పడిన మంచు తేలిగ్గా ఊడేలా చేసేవి. చలి, తేమ కొనసాగినంతకాలం మంచు పట్టనే పట్టని ఉపరితలం ఇంతవరకు తయారు కాలేదు. ప్రయాణికుల విమానాలు ఇప్పటికీ గ్లైకాల్ మీద, వేడిగాలి మీదే ఆధారపడి ఎగురుతున్నాయి.